తక్కువ కరెంటుతో నిండైన వెలుగు: ఇంటి లైటింగ్ ప్లాన్ చేసుకునే పద్ధతి

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో ఇప్పుడు పూర్తవుతున్న చాలా ఇళ్లలో హాలు లైటింగ్‌ను ఫాల్ సీలింగ్ మేస్త్రీయే నిర్ణయిస్తున్నాడు. ఆయన గీసిన డిజైన్‌లో ఎన్ని మూలలు, ఎన్ని మెట్లు ఉంటే అన్ని ప్యానెల్ లైట్లు వస్తాయి. వాటి చుట్టూ నాలుగు వైపులా స్ట్రిప్ లైటు తిరుగుతుంది. అన్నీ ఎల్‌ఈడీలే కాబట్టి బిల్లు పెద్దగా రాదన్న ధీమాతో ఇంటివాళ్లు కూడా సరే అంటారు. గృహప్రవేశం నాడు అన్ని స్విచ్‌లూ వేసి చూస్తే ఇల్లు పెళ్లి పందిరిలా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి సోఫాలో వెనక్కి వాలిన ప్రతిసారీ వెలుగు కళ్లలో గుచ్చుకుంటున్నదని సగం లైట్లు ఆర్పేస్తారు, మిగిలిన సగం ఎవరూ కూర్చోని చోట వెలుగుతుంటాయి.

అలంకారం కావాలంటే కరెంటు ఎక్కువ ఖర్చవుతుందనీ, పొదుపు కావాలంటే ఇల్లు బోసిపోతుందనీ అనుకోవడం వల్లనే ఈ పరిస్థితి వస్తుంది. నిజానికి రెండింటికీ మొదటి మెట్టు ఒకటే. ఏ పని మీద, ఏ గోడ మీద, ఏ వస్తువు మీద వెలుగు పడాలో ముందు తేల్చుకొని, ఆ ఒక్కొక్కదానికీ విడిగా స్విచ్ ఇవ్వాలి. బల్బుల కొనుగోలు ఆ తర్వాతి సంగతి.

వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాలి

వాట్ అనేది బల్బు తినే కరెంటుకు కొలత. అది ఇచ్చే వెలుగుకు కొలత ల్యూమెన్. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 నుంచి 800 ల్యూమెన్ల వెలుగు ఇచ్చేది, తీసుకున్న కరెంటులో నూటికి 90 వంతులకు పైగా వేడిగానే పోయేది. అంతే వెలుగును ఇప్పుడు 8 లేదా 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇస్తుంది. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుందని లెక్క వేసుకుంటే ఇంటి అవసరాలకు సరిపోతుంది.

ఇక గదికి ఎంత వెలుగు కావాలో చూద్దాం. నేల గానీ, బల్ల గానీ, ఏ ఉపరితలం మీదైనా చదరపు మీటరుకు పడే ల్యూమెన్లను లక్స్ అంటారు. కూర్చొని మాట్లాడుకునే హాలుకు 100 లక్స్ సరిపోతుంది, వంటింటి గట్టు మీద 300 దాకా ఉండాలి, పిల్లలు చదువుకునే బల్ల మీద కూడా 300 వరకు ఉంటే మంచిది. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాలు వైశాల్యం దాదాపు 15.6 చదరపు మీటర్లు. దానికి 100 లక్స్ చొప్పున 1,560 ల్యూమెన్లు కావాలి. గోడలు, సీలింగ్ కొంత వెలుగును మింగేస్తాయి, దుమ్ము కొంత తగ్గిస్తుంది కాబట్టి దీన్ని రెట్టింపు చేసుకుంటే 3,100 ల్యూమెన్లకు చేరుతుంది. అంటే 12 వాట్ల ప్యానెళ్లు మూడు ఉంటే ఆ హాలుకు సాధారణ వెలుగు అందినట్లే.

అదే హాలులో డిజైన్ కోసమని 12 ప్యానెళ్లు పెట్టారనుకోండి. మొత్తం 144 వాట్లు. రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 21.6 యూనిట్లు అవుతాయి. మూడు ప్యానెళ్లయితే 5.4 యూనిట్లు. తేడా 16 యూనిట్లే కదా అనిపించవచ్చు. కానీ మన రాష్ట్రంలో నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే వేరే రేటు పడుతుంది. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలకైతే 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. ఎండాకాలంలో కూలర్ నడిచే రోజుల్లో మీటరు 190కీ 210కీ మధ్య ఊగిసలాడే ఇంట్లో ఆ 16 యూనిట్లు ఎటు వైపు పడతాయన్నది చిన్న విషయం కాదు. మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. బిల్లు తగ్గించడమే మీ ప్రధాన ఉద్దేశమైతే ముందు ఫ్యాన్ల వైపు చూడండి: 75 వాట్ల పాత ఫ్యాన్ స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టి రోజుకు 15 గంటలు తిప్పితే ఒక్క ఫ్యాన్ మీదనే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి.

గోడల రంగు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తెల్లని సున్నపు గోడ తన మీద పడిన వెలుగులో నూటికి 80 వంతుల దాకా తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు నీలం, ముదురు గోధుమ రంగు గోడలు 10 లేదా 15 వంతులు మాత్రమే పంపుతాయి. యాక్సెంట్ గోడ అని ఒక గోడకు ముదురు రంగు వేయించేటప్పుడు ఆ గదికి ఒకటి రెండు లైట్లు అదనంగా పడతాయని ముందే అనుకోవాలి. సీలింగ్‌ను మాత్రం తెల్లగానే ఉంచడం మేలు.

వెలుగు రంగును ఎంచుకోవడం

బల్బు డబ్బా మీద 2700, 3000, 4000, 6500 అని కెల్విన్లలో ఒక అంకె ఉంటుంది. 2700 అంటే పాత ఫిలమెంటు బల్బు వంటి పసుపు వెలుగు. 4000 అంటే అటూ ఇటూ కాని తెలుపు. 6500 అంటే నీలి ఛాయ ఉన్న తెలుపు. ట్యూబ్‌లైట్ల కాలం నుంచి మనకు తెల్లని వెలుగే ‘మంచి వెలుగు’ అనే అలవాటు ఉన్నది కాబట్టి దుకాణంలో అడగకపోతే చేతికి 6500 రకమే ఇస్తారు. దాన్ని ఇల్లంతా వాడడం నాకు సమ్మతం కాదు. వంటింట్లో, చదువుకునే చోట 4000, కూర్చునే చోట, భోజనం చేసే చోట, పడకగదిలో 2700 లేదా 3000 ఉంటే ఇంటికి ఒక నిదానం వస్తుంది. రాత్రి పొద్దుపోయాక నీలి ఛాయ ఉన్న వెలుగు ఎక్కువగా పడితే నిద్రకు సహాయపడే మెలటోనిన్ తయారీ తగ్గుతుంది. పడకగదిలో పసుపు వెలుగు అడగడానికి ఇది కూడా ఒక కారణం. ఒకే గదిలో ఒకేసారి వెలిగే లైట్లన్నీ ఒకే కెల్విన్ అంకెతో ఉండాలన్నది మాత్రం కచ్చితంగా పాటించవలసిన నియమం. 3000 స్ట్రిప్ పక్కన 6500 ప్యానెల్ వెలిగితే తెల్ల గోడ ఒక వైపు పచ్చకామెర్లు వచ్చినట్లు, మరో వైపు పాలిపోయినట్లు ఉంటుంది.

స్విచ్ ఆపి వేసినప్పుడల్లా మూడు రంగులకు మారే ప్యానెళ్లు ఇప్పుడు ప్రతి దుకాణంలోనూ దొరుకుతున్నాయి. ఒక గదికి ఏ రంగు నప్పుతుందో తేల్చుకోలేని వారికి ఒకటి కొని వారం రోజులు పెట్టి చూసుకోవడానికి అది పనికివస్తుంది. ఇల్లంతా అవే పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడు నాలుగు ప్యానెళ్లు నాలుగు రంగుల్లో వెలగడం, వాటిని సరిచేయడానికి స్విచ్‌ను టకటకలాడించడం తప్పదు.

కెల్విన్‌తో పాటు చూడవలసిన మరో అంకె సీఆర్‌ఐ. ఒక వెలుగులో వస్తువుల రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో 100కు లెక్కగట్టి చెప్పే కొలత అది. తెల్లని ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలి ఎల్‌ఈడీ. దాని మీద పసుపు పూత పూయడం వల్ల రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. నీలి ఎల్‌ఈడీని సాధ్యం చేసినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అయితే చవక రకాల్లో ఈ పూతలో ఎరుపు పాలు తక్కువగా ఉంటుంది. సాధారణ సీఆర్‌ఐ లెక్కలో ముదురు ఎరుపును చేర్చరు కాబట్టి 80 అని రాసి ఉన్న బల్బు కింద కూడా ఎరుపు రంగు గోధుమ రంగులోకి దిగిపోవచ్చు. ఎరుపును విడిగా కొలిచే అంకెను ఆర్9 అంటారు. అది మన ఇళ్లకు ఎందుకు అవసరమో ఒక చేర్యాల బొమ్మను గోడకు తగిలిస్తే వెంటనే తెలుస్తుంది.

ఒక చేర్యాల పటం, ఒక పెంబర్తి పళ్లెం

చేర్యాల నకాశీ పటానికి నేపథ్యమే ఎరుపు. ఆ ఎరుపు మీద పసుపు, నీలం, ఆకుపచ్చ బొమ్మలు నిలబడతాయి. 6500 కెల్విన్, సీఆర్‌ఐ 80 లోపు ఉన్న ప్యానెల్ కింద నిలబడి చూస్తే నేపథ్యం ఇటుక పొడి రంగులోకి మారి బొమ్మలన్నీ దాని మీద అతికించినట్లు కనిపిస్తాయి. అదే పటాన్ని 3000 కెల్విన్, సీఆర్‌ఐ 90కి పైగా ఉన్న స్పాట్ లైటు కింద చూస్తే ఎరుపు మళ్లీ ఎరుపుగా వెనక్కి తగ్గి బొమ్మలు ముందుకు వస్తాయి. దీనికి ఖర్చయ్యేది 5 లేదా 7 వాట్లు మాత్రమే. హాలులో పెద్ద లైట్లన్నీ ఆపి ఆ ఒక్క స్పాట్‌ను, మూలన ఒక పసుపు దీపాన్ని ఉంచితే సాయంత్రం టీవీ చూసుకోవడానికి ఆ గదికి అంతకు మించి అక్కర్లేదు.

స్పాట్‌ను ఎక్కడ పెట్టాలన్నదానికి చిన్న కొలత ఉన్నది. నిలువు గీతకు వెలుగు 30 డిగ్రీల కోణంలో పటం మధ్యకు చేరాలి. సీలింగ్ తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో, పటం మధ్యభాగం 5 అడుగుల ఎత్తులో ఉంటే స్పాట్ గోడ నుంచి రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి. అంతకంటే గోడకు దగ్గరైతే ఫ్రేము నీడ పటం మీద పడుతుంది; దూరమైతే చూసేవాడి తల నీడ పడుతుంది, అద్దంలో బల్బు మెరుస్తుంది. నిర్మల్ చిత్రాల ఉపరితలం నునుపుగా మెరుస్తుంది కాబట్టి వాటి విషయంలో ఈ కోణం మరీ ముఖ్యం. గుడ్డ మీద వేసిన పటాలకు నేరుగా ఎండ తగలకూడదు. ఎల్‌ఈడీలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు కనుక ఆ బెంగ తక్కువే గానీ రోజంతా వెలిగించి ఉంచవలసిన పని కూడా లేదు.

పెంబర్తి ఇత్తడి పనికి సూత్రం వేరు. రేకును సుత్తితో కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తీసిన పళ్లేన్ని ఎదురుగా వెలిగిస్తే అది సపాటుగా, నిగనిగలాడే రేకుగా మాత్రమే కనిపిస్తుంది. పక్క నుంచి లేదా కింది నుంచి వెలుగు వాలుగా పడితే ప్రతి ఉబ్బుకూ ఒక నీడ ఏర్పడి చెక్కడం బయటపడుతుంది. పాలంపేట రామప్ప గుడిలో నల్లరాతి మదనికలను మిట్టమధ్యాహ్నం చూసినవారికీ పొద్దు వాలుతుండగా చూసినవారికీ ఈ తేడా తెలిసే ఉంటుంది. ఇత్తడికి 2700 కెల్విన్ వెలుగే ఇవ్వాలి. తెల్లని వెలుగులో ఇత్తడి ఆకుపచ్చ ఛాయ తిరిగి చవకగా కనిపిస్తుంది. కరీంనగర్ వెండి తీగ పని వంటి చిన్న వస్తువులకు అద్దాల అల్మారాలో 15 నుంచి 24 డిగ్రీల సన్నని వెలుగు ఇచ్చే 2 లేదా 3 వాట్ల చిన్న స్పాట్ చాలు.

రాతి పలకలు పరిచిన గోడకు కూడా ఇదే వాలు వెలుగు పనిచేస్తుంది: గోడకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో పై నుంచి కిందికి వెలుగును జారవిడిస్తే రాతి గరుకు కనిపిస్తుంది. ఇదే పద్ధతిని మామూలు పెయింటు గోడ మీద చేస్తే పుట్టీ పనిలోని ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. నున్నని గోడకు లైటును కనీసం రెండు అడుగులు దూరం జరపాలి. గోడకు వేలాడదీసిన కొత్తవాడ దర్రీకి కూడా దగ్గరి వాలు వెలుగే నప్పుతుంది, నేత పోగులు విడివిడిగా కనిపిస్తాయి.

వంటింటి గట్టు

చాలా వంటిళ్లలో లైటు గది మధ్యలోనో, వెనుక గోడ మీదనో ఉంటుంది. వంట చేసేవారు గోడ వైపు తిరిగి నిలబడతారు కాబట్టి కూరగాయలు కోసే చోట వాళ్ల నీడే పడుతుంది. ఎక్కువ వాట్ల ట్యూబ్ పెట్టినా నీడ ఇంకా నల్లబడుతుందే తప్ప తొలగదు. పై అల్మారాల అడుగున స్ట్రిప్ లైటు పెట్టడం ఒక్కటే దీనికి సరైన మార్గం. 8 అడుగుల గట్టుకు మీటరుకు 9.6 వాట్ల స్ట్రిప్ వాడితే 23 వాట్లలో పని అయిపోతుంది, పెద్ద లైటును చాలాసార్లు వేయనక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన వైపు గట్టుకు పాలిష్ చేసిన నల్ల గ్రానైటో, కరీంనగర్ ప్రాంతపు గోధుమ రంగు గ్రానైటో వేయిస్తాం. అవి దాదాపు అద్దంలా పనిచేస్తాయి. స్ట్రిప్‌ను అలాగే అల్మారా అడుగున అంటిస్తే గట్టు మీద చుక్కల వరుస ప్రతిబింబించి కళ్లలో పడుతుంది. కాబట్టి స్ట్రిప్‌ను అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టి పాల రంగు మూత వేయాలి, దాన్ని అల్మారా ముందు అంచు వైపు, వెలుగు వెనుక టైల్స్ వైపు వాలేలా 45 డిగ్రీల ప్రొఫైల్‌తో బిగించాలి. ముందు అంచుకు ఒక అంగుళం చెక్క పట్టీ కిందికి దిగి ఉంటే నిలబడిన మనిషికి స్ట్రిప్ అసలు కనిపించదు. పొయ్యికి నేరుగా పైన స్ట్రిప్ వద్దు. వేడికీ నూనె ఆవిరికీ అది త్వరగా పాడవుతుంది, చిమ్నీలో ఉండే లైటు ఆ చోటుకు సరిపోతుంది.

కోవ్ లైటు, దాని వెనుక దాగే డ్రైవర్

ఫాల్ సీలింగ్ అంచు గాడిలో స్ట్రిప్‌ను దాచి వెలుగును పై సీలింగ్ మీదికి పంపడమే కోవ్ లైటు. 12, 14 అడుగుల హాలు చుట్టుకొలత దాదాపు 16 మీటర్లు. నాలుగు వైపులా మీటరుకు 9.6 వాట్ల స్ట్రిప్ తిప్పితే 150 వాట్లు దాటుతుంది. ఇది అలంకారానికి మాత్రమే! ఒకే పొడవాటి గోడ వైపు, మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్ పెడితే 20 వాట్లలో అదే మృదువైన వెలుగు వస్తుంది, పైగా నాలుగు వైపులా వెలిగే మిఠాయి దుకాణపు కళ తప్పుతుంది. టీవీ వెనుక గోడ గానీ, పటాలు ఉన్న గోడ గానీ ఏదో ఒకటి ఎంచుకోవాలి.

కోవ్‌లో స్ట్రిప్‌కూ పై సీలింగ్‌కూ మధ్య కనీసం ఆరు అంగుళాల ఖాళీ ఉండాలని మేస్త్రీకి ముందే చెప్పండి. మూడు అంగుళాలే వదిలితే వెలుగు పరుచుకోకుండా అంచున తెల్లని గీతలా నిలిచిపోతుంది. 12 వోల్టుల స్ట్రిప్‌కు ఐదు మీటర్లు దాటితే చివర వెలుగు మసకబారుతుంది. అంతకంటే పొడవు కావాలంటే రెండు వైపుల నుంచి కరెంటు ఇవ్వాలి లేదా 24 వోల్టుల రకం తీసుకోవాలి. ఇంటి కరెంటును ఎల్‌ఈడీకి తగినట్లు మార్చి ఇచ్చే చిన్న పెట్టెను డ్రైవర్ అంటారు. దాన్ని స్ట్రిప్ మొత్తం వాట్ల కంటే కనీసం ఐదో వంతు ఎక్కువ సామర్థ్యంతో తీసుకోవాలి: 41 వాట్ల స్ట్రిప్‌కు 60 వాట్ల డ్రైవర్, 20 వాట్ల స్ట్రిప్‌కు 30 వాట్ల డ్రైవర్.

‘ఎల్‌ఈడీ పోయింది’ అని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు పోయేది డ్రైవరే. దాని లోపలి కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడి పెరుగుదలకూ సుమారు సగానికి పడిపోతుంది. పై అంతస్తులో, మే నెల ఎండకు కాలిన స్లాబుకూ జిప్సం సీలింగ్‌కూ మధ్య గాలి ఆడని ఇరుకులో డ్రైవర్‌ను పడేస్తే అది ఎంత కాలం బతుకుతుందో ఊహించుకోవచ్చు. అది పోయినప్పుడు చేయి పెట్టడానికి దారి లేక సీలింగ్ కోయవలసి వస్తుంది. అందుకని డ్రైవర్లన్నింటినీ అటక మీదనో, అల్మారా పైనో, టీవీ యూనిట్ వెనుకనో, తలుపు ఉన్న చోట పెట్టించండి. సీలింగ్‌లోనే పెట్టక తప్పకపోతే పక్కనే ఉన్న ప్యానెల్ లైటును ఊడదీస్తే చేయి అందేంత దూరంలో ఉంచాలి. సీలింగ్ మూయకముందు పైపులు, తీగలు, డ్రైవర్లు కనిపించేలా ప్రతి గదినీ ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోవడం ఐదు నిమిషాల పని.

ఫ్యాన్‌తో పేచీ

48 అంగుళాల ఫ్యాన్ రెక్కలు మధ్య నుంచి రెండు అడుగుల దాకా తిరుగుతాయి. ప్యానెల్ లైటు రెక్కల పైన పడితే గది అంతా నీడలు రెపరెపలాడుతూ తలనొప్పి తెప్పిస్తాయి. వెలుగు కిందికి వచ్చేకొద్దీ విప్పారుతుంది కాబట్టి లైట్లను ఫ్యాన్ మధ్య నుంచి కనీసం మూడు అడుగుల దూరంలో, వీలైతే ఇంకా గోడల వైపు ఉంచాలి. పడుకున్నప్పుడు ముఖం మీదికి వచ్చే చోట, సోఫాకు సరిగ్గా పైన కూడా ప్యానెల్ వద్దు.

లైట్ల వెలుగు తగ్గించుకోవడానికి పాత ఫ్యాన్ రెగ్యులేటర్ వంటిది పనికిరాదు. డిమ్మింగ్‌కు తగిన డ్రైవర్, దానికి సరిపడే డిమ్మర్ రెండూ ఉండాలి. ఆ ఖర్చు వద్దనుకుంటే మూడు ప్యానెళ్లను ఒక స్విచ్ మీద, స్పాట్లను రెండో స్విచ్ మీద, కోవ్‌ను మూడో స్విచ్ మీద విడగొడితే సాధారణ ఇంటికి చాలు. వీటిని ఏ బోర్డులో ఎక్కడ పెట్టాలో గోడలు గాడి కొట్టకముందే, అంటే ప్లాస్టరింగ్‌కు ముందే కాగితం మీద గీసి ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వాలి. మంచం పక్కన, మెట్ల కింద, పైన రెండు చోట్ల నుంచీ పనిచేసే టూ వే స్విచ్‌లు కూడా అప్పుడే అడగాలి.

మిగిలిన గదులు

పూజ గదిలో నూనె దీపం వెలుగు 2000 కెల్విన్‌కు దగ్గరగా ఉంటుంది. దాని పక్కన 6500 బల్బు పెడితే దీపం ఉన్నట్లే తెలియదు. 2700 కెల్విన్, 3 వాట్ల చిన్న లైటును దేవుడి పటాల ముందు వైపు పైన, మంటకూ పొగకూ అందనంత దూరంలో పెట్టాలి. చదివే బల్లకు, కుడిచేతితో రాసే పిల్లలకు, ఎడమ వైపు నుంచి వెలుగు రావాలి. అరవై దాటిన కళ్లకు యువకుల కంటే రెండు మూడు రెట్ల వెలుగు అవసరం; పెద్దవాళ్లు పేపరు చదివే కుర్చీ పక్కన ఒక నిలువు దీపం, మంచం నుంచి బాత్రూం దాకా నేలకు దగ్గరగా ఒక వాట్ సెన్సర్ లైటు పెడితే రాత్రి పెద్ద లైటు వేసి అందరినీ లేపవలసిన పని ఉండదు. ముఖం చూసుకునే అద్దానికి పైన ఒక్క లైటు ఉంటే కళ్ల కింద నీడలు పడతాయి, రెండు పక్కలా ఉండడం మంచిది.

పాత పెంకుటిల్లు, భవంతి ఇల్లు ఉన్నవారికి కొత్త సీలింగ్ వేయించే ఆలోచన మానుకోమనే చెబుతాను. దూలాల మీద నుంచి పైకి వెలుగు చిమ్మే 2700 కెల్విన్ స్ట్రిప్ పెడితే వాసాలు, గూన పెంకులు కనిపించి ఆ ఇంటికి మించిన అలంకారం దొరకదు. ఎండిన కలప పక్కన కాబట్టి స్ట్రిప్‌ను తప్పకుండా అల్యూమినియం ప్రొఫైల్‌లోనే బిగించాలి, డ్రైవర్‌ను చెక్క మీద కాకుండా గోడ మీద పెట్టాలి, పాత తీగలకు ముందు ఎర్తింగ్, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ సరిచూపించాలి. గోడలోని పాత దీపపు గూళ్లను పూడ్చివేయకండి. ఒక్కో గూటిలో ఒక వాట్ లైటు పెడితే చాలు.

వాకిట్లో, గేటు దగ్గర వర్షాకాలం తొలి వానలకు ఉసిళ్లు మూగడం మనకు తెలిసిందే. పురుగులను ఎక్కువగా లాగేది నీలి, అతినీలలోహిత ఛాయలు కనుక 2700 లేదా అంతకంటే పసుపైన బల్బు పెడితే వాటి బెడద తగ్గుతుంది. బయటి లైట్లకు దుమ్ము, వాన నీళ్లు లోపలికి చొరవని తెలిపే ఐపీ65 గుర్తు ఉండాలి. చీకటి పడగానే వెలిగి తెల్లవారగానే ఆరే సెన్సర్ పెడితే పగలంతా వెలిగే గేటు లైటు సమస్య తీరుతుంది. బతుకమ్మ ఆడే వాకిలికి ఒక మాట: తంగేడు, బంతి పూల పసుపు తెల్లని ఫ్లడ్ లైటు కింద వెలవెలబోతుంది. 3000 కెల్విన్ లైట్లు రెండు ఎదురెదురు మూలల నుంచి, ఆడేవారి తలల కంటే పై ఎత్తున పెడితే పూలూ కనబడతాయి, చుట్టూ తిరిగేవారి కళ్లలో వెలుగూ పడదు.

కొనేటప్పుడు, బిగించాక

డబ్బా మీద వాట్లు, ల్యూమెన్లు, కెల్విన్, సీఆర్‌ఐ నాలుగూ రాసి ఉండాలి. ల్యూమెన్లు రాయని సరుకును పక్కన పెట్టేయండి. బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, బీఈఈ నక్షత్రాల లేబుల్ ఉన్నాయేమో చూడండి. దుకాణంలోనే బల్బును వెలిగించమని అడిగి ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టండి. తెర మీద నల్లని అడ్డ పట్టీలు గట్టిగా పరుగెడుతుంటే ఆ డ్రైవర్‌లో మినుకు ఎక్కువ ఉన్నట్లు. కంటికి కనిపించకపోయినా ఎక్కువ సేపు చదివితే కళ్లు అలసిపోతాయి. తెచ్చుకున్నాక బల్బు మెడ మీద మార్కర్‌తో కొన్న తేదీ రాసి, బిల్లును ఫోటో తీసుకుంటే వారంటీ అడిగేటప్పుడు వాదన ఉండదు.

స్విచ్ ఆపినా బల్బు సన్నగా వెలుగుతూనే ఉంటే భయపడనక్కర్లేదు. ఎక్కువసార్లు ఆ స్విచ్‌లో ఉండే చిన్న ఇండికేటర్ గుండా పారే కొద్దిపాటి కరెంటే దానికి కారణం. ఇండికేటర్ లేని స్విచ్‌తో మార్చి చూడాలి. అప్పటికీ ఆరకపోతే స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌కు కలిపారేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. అలా కలిపి ఉంటే లైటు ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు ప్రమాదం.

పాత సీఎఫ్‌ఎల్‌లు, ట్యూబ్‌లు తీసేస్తున్నప్పుడు వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుందని గుర్తుంచుకొని చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. పగిలితే కిటికీలు తెరిచి కాసేపు ఆగి, చీపురుతో ఊడ్వకుండా అట్టముక్కతో ఎత్తాలి. కొత్త లైట్లను ఆరు నెలలకొకసారి, స్విచ్ ఆపి చల్లబడ్డాక, పొడి గుడ్డతో తుడవాలి. దసరాకు ఇల్లు దులిపే రోజున ప్యానెల్ మూతలు, వంటింటి ప్రొఫైళ్లు కూడా తుడిచేస్తే ఆ పని ఏటా తప్పకుండా జరిగిపోతుంది. వంటింట్లో వాటి మీద నూనె జిగురు పేరుకుంటుంది కాబట్టి అక్కడ సబ్బు నీటిలో పిండిన గుడ్డ వాడి, పూర్తిగా ఆరాకే స్విచ్ వేయాలి.